ఐసు పడవ జిలానీ

మాచర్ల వాళ్లకు నీళ్లంటే కాలవ నీళ్లే. కుడి కాలవ కింద పొలాలు తడవడం మొదలైన దగ్గర్నుంచి నీటి వంతుల గురించి, తూముల గురించి పొద్దుగూకేదాకా మాట్లాడగలరు. కాని ఆ కాలవ పుట్టే చోట, సాగర్ డ్యాము వెనక చూపు ఆననంత మేర నిలిచిన నీళ్లలోకి దిగి పడవ నడుపుదామని వాళ్లలో ఎవరికీ తోచలేదు. అది విశాఖ సముద్రపు ఒడ్డు నుంచి వలస వచ్చిన జాలర్ల పని. ఒడ్డు వెంట గుడిసెలు వేసుకున్నదీ వాళ్లే, వలలు వేసేదీ వాళ్లే, తెరచాపలు ఎత్తేదీ వాళ్లే. "ఇదీ సముద్రమే, ఉప్పు లేదంతే" అనేవాళ్లు.

ఆ నీళ్లమీద, పందొమ్మిది వందల ఎనభై మూడు నుంచి, మాచర్ల కుర్రాడొకడు ఒంటరిగా తెరచాప ఎత్తుకుని తిరిగాడు. పేరు జిలానీ. బస్టాండు వెనక సందులో రేకు డబ్బాలు, గరాటలు చేసి అమ్మే మహమూద్ కొడుకు. పొద్దున్నే ఫరీద్ సేఠ్ ఐసు ఫ్యాక్టరీ వ్యానులో దిమ్మలతోపాటే విజయపురి సౌత్ రేవుకు వచ్చేవాడు. దిమ్మల్ని చెక్కపెట్టెల్లో పెట్టి, కరక్కుండా చుట్టూ ఊక కూరి, పడవలోకి ఎక్కించుకుని, బండి దారి లేని జాలరి గుడిసెల దగ్గరికి తీసుకుపోయేవాడు. సాయంత్రానికి అదే ఐసుమీద వాళ్లు పట్టిన చేపలు పేర్చుకుని తిరిగి వచ్చేవాడు. ఎండాకాలంలో ఒక్క పూట ఐసు అందకపోతే ఆ రోజు చేపంతా నీళ్లపాలే.

ఇందులో గొప్పేముందంటే, జిలానీకి పదమూడో ఏటనుంచీ షుగరు జబ్బు.

ఆ ఏడు అతను కుండెడు నీళ్లు తాగి కూడా దాహం దాహం అనేవాడు. ఎంత తిన్నా ఎముకలు తేలాయి. పెరట్లో అతను మూత్రానికి వెళ్లిన చోట చీమలు బారులు తీరడం చూసి తల్లి బషీరున్నీసా ఇక ఆగలేదు. బస్సెక్కించి నరసరావుపేట డాక్టర్ గోపాలరావు గారి దగ్గరికి తీసుకెళ్లింది.

"ముసలాళ్లకొచ్చే జబ్బు గదయ్యా ఇది, చిన్న పిల్లోడికేంది?" అంది.

"పిల్లలకొచ్చేది వేరే రకమమ్మా. వీడి ఒంట్లో తయారు కావలసిన మందు తయారు కావట్లేదు. మనమే బయటినుంచి ఎక్కించాలి. రోజూ. బతికినన్నాళ్లూ."

ఆమె ఏడ్చింది. డాక్టరు ఏడవనిచ్చి, తర్వాత అసలు మాట చెప్పాడు. "ఇంకోటి విను. ఈ మందూ అన్నమూ జోడెడ్లమ్మా. ఒకదాన్ని విప్పేసి రెండోదానితో బండి తోలకూడదు. మందు పొడిచి వేళకు తిండి పెట్టకపోయావో, ఆ మందే ప్రాణం తీస్తుంది. చెమటలు పట్టినా, చేతులు వణికినా, వాడు పిచ్చిపిచ్చిగా మాట్లాడినా వెంటనే నోట్లో పంచదార పొయ్యాలి. ఇంకోటి. ఆ సమయంలో వాడు వద్దంటాడు. నాకేం కాలేదంటాడు. మెదడుకు చక్కెర అందనప్పుడు ముందు పోయేది బుద్ధే. నమ్మకు."

బషీరున్నీసా బత్తాయి పండుమీద సూది పొడవడం నేర్చుకుంది. గాజు సిరంజి మరగబెట్టడం నేర్చుకుంది. పక్కవీధిలో ఫ్రిజ్ ఉన్నవాళ్లను రోజూ అడగలేక, మందు సీసాను కొత్త పిడతలో తడి ఇసుక పోసి అందులో దాచింది. కొడుకు నడుముకు పంచదార పొట్లం కట్టకుండా ఏ రోజూ గడప దాటనివ్వలేదు. వాడు స్కూలు నుంచి ఒక పావుగంట ఆలస్యమైతే వీధి చివర నిలబడేది. ఇరుగుపొరుగు నవ్వేవాళ్లు. నవ్వనీ అనుకునేది.

బిడ్డ బతికాడు, పెరిగాడు. పెరిగాక పని దొరకలేదు. దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీకి వెళితే జబ్బు సంగతి విని గేటు దగ్గరే వద్దన్నారు. లారీ షెడ్డులో చేరితే, ఒకసారి చెమటలు పట్టి కూలబడ్డందుకు మర్నాడు రావద్దన్నారు. చివరికి ఫరీద్ సేఠ్ ఐసు దిమ్మలు మోసే పనిలో పెట్టుకున్నాడు. అక్కడినుంచి అతను పడవలోకి ఎలా జారాడో సేఠుకే తెలియదు. సేఠు పడవలో ఐసు తీసుకుపోయే నూకరాజు అనే జాలరి పక్కన కూర్చుని తెడ్డు పట్టాడు, తర్వాత చుక్కాని పట్టాడు, తర్వాత చాప ఎత్తాడు. నూకరాజు ఒక రోజు సేఠుతో, "ఈ గుంటడికి గాలి తెలస్తాదండి. నాకు వల పనుంది, పడవ ఈడికిచ్చీయండి" అన్నాడు.

సేఠు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే. కాని నీళ్లమీద నీకేదన్నా అయిందని ఒక్కసారి నా చెవిన పడిందంటే పడవ దిగాల్సిందేరా జిలానీ. మీ అమ్మకు నేను జవాబు చెప్పలేను."

నూకరాజు నేర్పినవాటిలో ఒక పద్ధతి జిలానీకి మొదట్లో అర్థం కాలేదు. చాపను గాలికి బిగించి పట్టే తాడు ఉంటుంది. గాలి బలంగా ఉన్నప్పుడు అది అరచెయ్యి కోసేస్తుంది. దాన్ని పడవ చెక్కకు ముడేస్తే చెయ్యి ఖాళీ అవుతుంది గదా అన్నాడు జిలానీ.

"ఇద్దరుంటే ముడెయ్యి. ఒక్కడివే అయితే ముడెయ్యకు" అన్నాడు నూకరాజు. "ఒంటరోడు తాడు సేత్తోనే పట్టాల. నీకేటైనా అయితే సెయ్యి వదిలేస్తాది. సెయ్యి వదిలితే చాప గాలి వదిలేస్తాది, పడవ ఆగిపోతాది. ముడేసేవనుకో, నువ్వు పడిపోయినా పడవ పరుగెడతానే ఉంటాది, ఏ రాయికో కొట్టుకునీదాకా."

అప్పటినుంచి జిలానీ తాడు చేత్తోనే పట్టాడు. అరచేతిలో తాడు మేర కాయ కాసింది. ఒకసారి చేప ముల్లు బొటనవేలి మొదట్లో దిగినా రేవు చేరేదాకా తాడు వదల్లేదు. ఆ కాయను చూసుకుంటే అతనికి గర్వంగా ఉండేది. ఇంతమంది వద్దన్న మనిషి చెయ్యి అది.

ఎనభై అయిదులో రంజాన్ నెల నడి ఎండల్లో వచ్చింది. ఇంట్లో అమ్మా నాన్నా రోజా ఉండేవాళ్లు. జిలానీ ఉండేవాడు కాదు. మసీదు ఇమాం సాబు ఎప్పుడో తేల్చి చెప్పాడు: జబ్బు మనిషికి ఉపవాసం విధి కాదు, అతని బదులు రోజుకొక పేద మనిషికి అన్నం పెడితే చాలు. బషీరున్నీసా ఆ నెలంతా పక్కింటి హజ్రా బీకి రోజూ పళ్లెం పంపేది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా జిలానీకే. ఇరవై రెండేళ్లొచ్చాయి. రేవు షెడ్డులో ఐసు కొట్టేవాళ్లంతా పెదాలు ఎండి పనిచేస్తుంటే తను క్యారియర్ విప్పినా అతనికి ముద్ద దిగేది కాదు.

ఖాసిం ఒకడు, జిలానీ ఈడువాడే, నోరు ఊరుకోనివాడు. "ఒరేయ్, మేమంతా ఎండి వరుగులై పోతన్నాం. నువ్వేమో కొత్తల్లుడిలాగా క్యారియర్ ఊపుకుంటా వస్తావు. మళ్లా ఇఫ్తారు గంజికి మాత్రం ముందు వరస!"

"నీ గంజి నువ్వే తాగు. నాకేం అక్కర్లా."

"అబ్బో, అలక! మా మరదలు కూడా ఇంత అలగదురా."

అందరూ నవ్వారు. ఖాసిం ఎగతాళికే అన్నాడు, అతని జేబులో కూడా జిలానీ కోసం ఎప్పుడూ ఒక పంచదార పొట్లం ఉండేది. ఆ సంగతి తెలిసి కూడా జిలానీకి మాట తగిలింది.

ఇరవై ఏడో రోజా పెద్దది. ఆ ఒక్కటీ ఉండి తీరాలనుకున్నాడు. లెక్క కూడా సరిగ్గానే తోచింది అతనికి. తెల్లవారకముందు సహరీలో అమ్మా నాన్నలతో కూర్చుని అందరికంటే ఎక్కువ తిన్నాడు. అమ్మ రోజూలాగే మందు పొడిచింది, క్యారియర్ సర్ది ఇచ్చింది, పంచదార పొట్లం కట్టింది. అందరూ సహరీ తిని సాయంత్రందాకా ఆగుతున్నారు, తనూ ఆగుతాడు. నోటికి కట్టుబాటు వేసుకున్నవాడి నడుముకు పంచదార ఎందుకని, రేవు షెడ్డులో మేకుకు ఆ పొట్లం తగిలించి పడవెక్కాడు.

లెక్కలో అతను మరిచిపోయింది మందు సంగతి. పొద్దున పొడిచిన ఆ మబ్బురంగు మందు మెల్లగా పనిచేస్తుంది. మధ్యాహ్నం తిరిగేసరికి దాని బలం పెరుగుతుంది. మామూలు మనిషి ఒంట్లో అయితే, తిండి లేనప్పుడు మందు తయారీ దానంతటదే తగ్గిపోతుంది. సూదితో లోపలికి వెళ్లిన మందుకు తగ్గడం తెలియదు. అది రక్తంలో ఉన్న చక్కెరను లాగుతూనే ఉంటుంది, మనిషి తిన్నాడా లేదా అని చూడదు.

పొద్దున గాలి లేదు. తెడ్డు వేసుకుంటూ వెళ్లి, ఎండ ఎక్కేసరికి గుడిసెలు చేరాడు. ఐసు దించాడు. నూకరాజు భార్య రాజమ్మ ఎప్పటిలా నీడలో పీట వేసింది.

"ఏటి బాబూ, కేరేజీ మూత తియ్యలేదేటి?"

"ఇయ్యాల రోజా ఉన్నా అక్కా. అన్నం పిల్లలకు పెట్టు."

"ఓలమ్మా! ఈ ఎండలోనా? నీల్లు కూడా తాగవా?"

"తాగకూడదు."

"మరి తెడ్డెలా ఏసేవురా?"

"వేశా గదా!" అన్నాడు జిలానీ. ఆ మాట అన్నప్పుడు అతని వీపు నిటారుగా అయింది. ఎవరితోనైనా ఈ మాట అనడానికి అతను ఇన్నేళ్లు ఎదురుచూశాడు.

రాజమ్మకు అతని జబ్బు సంగతి తెలియదు. మనిషి ఏమీ తినకుండా పోతున్నాడని మాత్రం ఆమెకు మనసొప్పలేదు. లోపలికి పోయి తాటాకులో చుట్టి నారతో కట్టిన బెల్లం దిమ్మ తెచ్చింది. "మా ఊరి నుంచి వొచ్చింది, అనకాపిల్లి బెల్లం. పండక్కి మీ అమ్మకియ్యి. పొద్దుగూకినాక నువ్వు కూడా కూసింత నోట్లో ఏసుకో" అంది. జిలానీ దాన్ని చేపల పెట్టె పక్కన పెట్టుకున్నాడు.

నూకరాజు ఆకాశం చూసి, "పడమర గాలి ముదురుతాది. బేగి ఎల్లిపో" అన్నాడు.

చాప ఎత్తగానే పడవ ఉరికింది. వెనక పక్కనుంచి గాలి, ముందు దారంతా తెలిసిన నీళ్లు. జిలానీ చుక్కాని చంకకింద పెట్టి, తాడు కుడిచేత్తో పట్టి కూర్చున్నాడు. గుడిసెలు చిన్నవై, చుక్కలై, పోయాయి. చుట్టూ పడవన్నది లేదు.

మొదట చెమట పట్టింది. ఎండ గదా అనుకున్నాడు. కాని ఆ చెమట చల్లగా ఉంది. పెదాల చివర తిమ్మిరెక్కింది. దూరంగా ఉన్న ఒక్క గట్టు రెండు గట్లయి, మళ్లీ ఒకటయింది. అతనికి నవ్వొచ్చింది. ఎందుకో తెలియదు. తర్వాత కోపం వచ్చింది. సూర్యుడిమీద, ఎంతకూ దిగడం లేదని. ఖాసిం మీద. డాక్టర్ గోపాలరావు మీద. బెల్లం ఇచ్చిన రాజమ్మమీద కూడా, నా రోజా చెడగొట్టడానికే ఇచ్చిందని. లోపల ఎక్కడో ఒక చిన్న గొంతు 'తిను, తిను' అంటోంది. ఆ గొంతు మీద అన్నిటికంటే ఎక్కువ కోపం వచ్చింది.

"నాకేం కాలా!" అని గట్టిగా అరిచాడు. నీళ్లమీద వినేవాళ్లెవరూ లేరు.

ఇంట్లో ఉంటే ఈపాటికి అమ్మ అతని దవడలు నొక్కి పంచదార పోసేది. రెండుసార్లు పోసింది కూడా, అతను చెయ్యి కొరికినా వదలకుండా. ఇక్కడ అమ్మ లేదు. వద్దనే మనిషీ, పెట్టవలసిన మనిషీ ఒకడే అయ్యాడు.

టపటపమని పెద్ద చప్పుడైంది. పడవ ముందుకు తూలి, నెమ్మదించి, అడ్డం తిరిగింది. చాప గాలిలో జెండాలా కొట్టుకుంటోంది. ఎవరో తాడు వదిలేశారు. ఎవరు వదిలారురా అని జిలానీ వెనక్కి చూశాడు. వెనక ఎవరూ లేరు. అప్పుడు తన అరచెయ్యి చూసుకున్నాడు. తెరిచి ఉంది. కాయ కాసిన గీత, దానిమీద తాడు లేదు.

ముల్లు దిగినా వదలని చెయ్యి. అది తనకు చెప్పకుండా వదిలేసింది.

తల చెప్పేది అప్పటికీ ఒకటే: నాకేం కాలేదు. కాని చెయ్యి ఎదురుగా తెరిచి ఉంది. వేళ్లు మూసుకోమన్నాడు. అవి ఎవరివో అయినట్టు ఆలోచించి ఆలోచించి సగం ముడుచుకున్నాయి. ఆ మసక బుద్ధికి కూడా ఆ సంగతి ఎక్కింది. నోరు అబద్ధమాడుతుంది, తల అబద్ధమాడుతుంది, చెయ్యి అబద్ధమాడదు. తను ఇప్పుడు తను కాడు.

బెల్లం దిమ్మకోసం వంగితే పడవ అడుగునే బోర్లా పడ్డాడు. అలలు పక్కనుంచి కొట్టి నీళ్లు లోపలికి వస్తున్నాయి. నారముడి వేళ్లకు లొంగలేదు. సూర్యుడు ఇంకా తాటిచెట్టంత ఎత్తున ఉన్నాడు. ఒక్క క్షణం అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ ఒక్కటీ నిలుపుకుందామనుకున్నాడు. అంతలోనే ఇఫ్తారు వేళ అలవాటైన మాటే నాలుకమీదికి వచ్చింది. "బిస్మిల్లా" అని, తాటాకుతో సహా పళ్లతో కొరికాడు.

ఆకు ముక్కలు ఉమ్మేస్తూ, బెల్లం నములుతూ, దోసిట సాగర్ నీళ్లు పట్టి మింగుతూ పడవ అడుగున పడుకున్నాడు. కొంత వాంతి అయింది. మళ్లీ కొరికాడు. బెల్లం కడుపులోకి దిగి రక్తంలో కలవడానికి కాస్త వ్యవధి పడుతుంది. ఆ వ్యవధిలో చేయగలిగింది ఒక్కటే, స్పృహ జారిపోకుండా ఆపుకోవడం. ఐసు పెట్టె ఊకలో చెయ్యి దూర్చి దిమ్మను పట్టుకున్నాడు. చల్లదనం ఎముకదాకా పోయింది. "నేను జిలానీ. మహమూద్ కొడుకుని. ఇది ఐసు. ఇది బొచ్చె చేప" అని పైకే అనుకున్నాడు. ఆ మాటలు తడబడినంతసేపూ అంటూనే ఉన్నాడు. ఎప్పుడో అవి తడబడడం మానేశాయి.

ముందు తిరిగొచ్చింది భయం. అది మంచి గుర్తే. భయపడటానికి కూడా బుద్ధి కావాలి గదా. లేచి చూస్తే పడవ అడ్డంగా కొట్టుకుపోయి, నీట మునిగిన గుట్ట తాలూకు రాళ్ల కొన దగ్గరికి వచ్చింది. అలలు రాళ్లమీద తెల్లగా విరుగుతున్నాయి. పడవలో నీళ్లు మడమలు దాటాయి. తాడు నీళ్లలో వేలాడుతోంది.

జిలానీ తొందరపడలేదు. నిలబడితే తూలుతున్నాడు కాబట్టి మోకాళ్లమీదే పాకి తాడు అందుకుని లోపలికి లాగాడు. డబ్బాతో నీళ్లు తోడాడు. గెడ తీసి, మొదటి రాయికి ఆనించి, ఒంట్లో ఉన్న బరువంతా దానిమీద వేశాడు. పడవ మూలిగి, ఒక వైపు గీసుకుని, తిరిగింది. రెండోసారి తోస్తే రాళ్లకు ఎడమయింది. అప్పుడైనా వెంటనే చాప బిగించలేదు. తాడు పట్టి, చేతి వైపే చూస్తూ కాసేపు కూర్చున్నాడు. వేళ్లు గట్టిగా మూసుకున్నాయి. వదలమంటే వదిలాయి, పట్టమంటే పట్టాయి. చెయ్యి తనదయింది. అప్పుడు బిగించాడు.

ఒక్కసారి తిని ఊరుకుంటే చాలదని డాక్టరు చెప్పిన మాట కూడా ఇప్పుడు గుర్తొచ్చింది. మందు ఇంకా లోపల పని చేస్తూనే ఉంటుంది. రేవు కనిపించేదాకా దవడన బెల్లం ముక్క పెట్టుకునే నడిపాడు. దారంతా తల పగిలిపోతోంది. కాని గాలి ఎటు మళ్లితే చాప అటు మళ్లింది, ఒక్కసారి కూడా తప్పలేదు.

రేవులో ఫరీద్ సేఠ్ నిలబడి ఉన్నాడు. "ఏందిరా ఇంత ఆలస్యం? గాలి బాగానే ఉంది గదా!"

జిలానీ పడిపోవడం ఎవరూ చూడలేదు. దారిలో గాలి పడిపోయిందంటే సరిపోయేది. నిజం చెబితే పడవ పోతుంది. పడవ పోతే ఇంక ఏ గేటు ముందు నిలబడాలో అతనికి తెలుసు. కాని దారంతా మంచిగా వీచిన గాలిమీద నింద వేయడం అతనికి చేతకాలేదు.

"గాలి తప్పు కాదు భాయ్. నేను రోజా ఉన్నా. మధ్యలో పడిపోయా. పడవ ఆగింది. బెల్లం తిని లేచొచ్చా."

షెడ్డులో సుత్తుల చప్పుడు ఆగిపోయింది. ఖాసిం ముఖం పాలిపోయింది. "ఒరే నీయమ్మ కడుపు మాడా, నేనేదో ఎగతాళికంటే నువ్వు..." అని మాట మింగేశాడు. ఒక్క పరుగున పోయి గంజి చెంబు తెచ్చి, ఇంకా పొద్దు ఉండగానే జిలానీ నోటికి ఆనించాడు. తను మాత్రం ఆ గంజి వాసనకు ముఖం తిప్పుకున్నాడు.

సేఠు పెట్టెల మూతలు తీశాడు. ఐసు ఉంది. చేపల కళ్లు మెరుస్తున్నాయి. ఒక్కటి కూడా మెత్తబడలేదు. పడవ పక్క చెక్కమీద గీత తడిమాడు.

"ఈ గీతేంది?"

"గుట్ట రాయి. గెడతో తోసుకొచ్చా."

"పడిపోయినోడివి గెడెట్లా వేశావురా?"

"పడిపోయినప్పుడు వెయ్యలా. లేచినాక వేశా." జిలానీ పడవమీద చెయ్యేసి అన్నాడు, "తప్పు చేశా భాయ్. కాని అది తిండి తప్పు, పడవ తప్పు కాదు. నన్ను దించేస్తే దించెయ్యి. నాకు నడపటం రాదని మాత్రం అనబాక."

సేఠు కండువాతో ముఖం తుడుచుకుని, "నేనన్న మాట నాకు గుర్తుంది. ఇది నేను తేల్చేది కాదు. మీ అమ్మను రమ్మను" అన్నాడు.

ఇంట్లో ఆ సాయంత్రం బషీరున్నీసా కొట్టలేదు, తిట్టలేదు. కొడుకుని తినమని, తిన్నాక మొదటినుంచీ చెప్పమంది. మహమూద్ మధ్యలో, "ఇంక చాల్లే, రేకు పని నేర్చుకుని ఇంటిపట్టున పడుండు" అన్నాడు. ఆమె చేత్తో ఆగమంది.

"తాడు జారిందని చూసుకున్నావు. అప్పుడు నీకు తినాలనిపించిందా?"

"లేదమ్మా. అప్పుడు కూడా వద్దనే అనిపించింది."

"మరి?"

"అనిపించిన మాట వినలా. చెయ్యి చూసి తిన్నా."

ఇన్నేళ్లుగా ఆమెను నిద్రపోనివ్వనిది ఆ ఒక్క ప్రశ్నే. నేను లేని చోట, వాడి బుద్ధి వాడిదే కాని వేళ, వాడి నోట్లో ఎవరు పోస్తారు? దానికి జవాబు ఎదురుగా కూర్చుని వేళ్లకంటిన అన్నం నాకుతున్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడవలేదు. "నా మాట దాటి చేశావు. అది మర్చిపోను" అంది. తర్వాత, "రేపు వ్యానులో నేనూ వస్తన్నా" అంది.

మర్నాడు వ్యాను ముందు సీట్లో బురఖా సర్దుకుని కూర్చుని ఆమె మొదటిసారి రేవుకు వచ్చింది. దిగి, నీళ్లు చూసి, అడుగు ముందుకు పడక నిలబడిపోయింది. రెండేళ్లుగా వాడు పడవ నడుపుతున్నానంటే ఆమె మనసులో ఉన్నది కాలవ. అటు గట్టు, ఇటు గట్టు, మధ్యలో వాడు. ఇక్కడ అటు గట్టే లేదు.

"ఇంత నీళ్లా!" అంది.

"చెప్పమ్మా, ఏం చెయ్యమంటావు?" అన్నాడు ఫరీద్ సేఠ్. "పంపమంటే పంపుతా. వద్దంటే ఫ్యాక్టరీలో కూర్చోబెట్టి పనిస్తా, కూడు పోదు. నీకు భయం లేదా?"

జిలానీ పెట్టెల్లో ఊక కూరుతూ చెవులు ఇటే పెట్టాడు. అతని చేతులు ఆగిపోయాయి.

"భయం లేకేందయ్యా" అంది బషీరున్నీసా. "వాడికి పదమూడేళ్లప్పటినుంచీ నాకు అదే పని. నేనున్నంతకాలం అది పోదు. కాని నా భయానికి వాణ్ణి కట్టేస్తే, నిన్న పడవలో లేచినోడు రేపు ఇంట్లో లేవడు. పంపించు. తిండి వేళకు తినకపోతే మాత్రం వీడి చెంప పగలగొట్టమని ఆ జాలరామెకు చెప్పు. నా మాటగా చెప్పు."

షెడ్డంతా నవ్వింది. సేఠు కూడా నవ్వాడు.

జిలానీ అమ్మ వైపు చూడలేకపోయాడు. చూస్తే ఏమవుతుందో అతనికి తెలుసు. ఐసు ఎక్కించాడు. అందరి ముందూ నాలుగు ఇడ్లీలు తిన్నాడు, ఈసారి ముద్ద సాఫీగా దిగింది. ఆ రోజు చిత్రంగా పొద్దున్నే డ్యాము వైపు నుంచి తూర్పు గాలి లేచింది. పడవను తోసి, ఎక్కి, చాప ఎత్తాడు. అది ఒక్కసారి వదులుగా కొట్టుకుని, నిండింది. పడవ రేవును వదిలింది.

తర్వాత జరిగింది సాయంత్రం ఖాసిం చెబితేనే జిలానీకి తెలిసింది. చాప నీళ్లమీద అరచెయ్యంత అయ్యేదాకా ఆమె కదల్లేదట. అప్పుడే బస్సు దిగి డ్యాము చూడటానికి వచ్చిన కుటుంబమొకటి అక్కడ ఆగిందట. వాళ్లలో ఒకామె చంకలో పిల్లతో, "అమ్మో, అంత దూరంలో ఒక్కడే పోతన్నాడు, ఎవరి బిడ్డో!" అందట.

బషీరున్నీసా ముసుగు వెనక్కి తోసుకుని, ఆమె అడక్కపోయినా, వేలు పెట్టి చూపించిందట. "అదుగో, ఆ తెల్లచాప. మావాడే."